జనాభా ఒకరు

వెచ్చని గది ఎవరికి చెందాలన్న వివాదం ఆ ఇంట్లో ఆరో వారంలోకి అడుగుపెట్టింది. ఉన్నవి రెండే గదులు. ఒకదాంట్లో రయీసా, లియోనీద్ పడుకుంటారు. రెండోదాంట్లో లియోనీద్ బల్ల, కంప్యూటరు, పన్నెండు దేశపటాలు నివసిస్తాయి. రేడియేటర్ సరిగ్గా కాగేది ఆ రెండో గదిలోనే. పటాలకు చలి వేయదు కాబట్టి అక్కడ తన తల్లికి మంచం వేద్దామని రయీసా వాదన. గది సంగతి తర్వాత, అసలు ఆవిడ తన ఊరు వదిలి రావడమే ప్రపంచానికి నష్టమని లియోనీద్ వాదన.

"మా అమ్మ చలికాలం మన దగ్గరుంటే ప్రపంచానికేం నష్టం?" అని రయీసా సెప్టెంబరులో అడిగింది. జవాబు చెప్పడం అక్టోబరు చివరికి కూడా పూర్తికాలేదు.

రయీసా తల్లి పేరు ఒడార్కా. ఎనభై మూడేళ్ళు. పోల్టావా వైపు హ్రుషెవీ యార్ అనే ఊళ్ళో ఉంటుంది. ఇంకా ఖచ్చితంగా చెప్పాలంటే ఆ ఊళ్ళో ఉండేది ఆవిడొక్కతే. నిరుడు ముగ్గురుండేవారు. ముసలి తిమీష్ వసంతంలో పోయాడు. హాప్కా కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. బ్రెడ్డు బండి గురువారం గురువారం వస్తుంది, అదీ మొదటి మంచు పడేదాకా. మంచు పడ్డాక బండివాడికి దారి కనిపించదు, ఒడార్కాకి బండి కనిపించదు.

లియోనీద్ ముప్ఫై రెండేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరయ్యాడు. హ్రుషెవీ యార్ పేరును జనం పదిరకాలుగా రాసేవారు. ఒకాయన పేరు రాయకుండా వంతెన బొమ్మ వేసేవాడు. అన్ని ఉత్తరాలూ చేరేవి. ఇదొక సమస్య అని అప్పట్లో లియోనీద్‌కు తెలియదు. పింఛను మొదలయ్యాక తెలిసింది.

ఇంటర్నెట్‌లో ఒక మహా విజ్ఞాన సర్వస్వం ఉంది. ఇంగ్లీషులో. దాన్ని ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, దిద్దినదాన్ని ఇంకెవరైనా తిరగదిద్దవచ్చు. అందులో హ్రుషెవీ యార్ గురించి మూడు వాక్యాలున్నాయి. అది ఒక ఊరు. అది ఉక్రెయిన్‌లో ఉంది. జనాభా ఇంత. ఈ మూడు వాక్యాల వెనక ఉన్న చర్చా పేజీని అచ్చు వేస్తే నాలుగు వందల పేజీలవుతుంది. ఆ చర్చంతా ఊరి పేరు మొదటి అక్షరం గురించి. ఊరివాళ్ళు, ప్రభుత్వం, బస్టాపు మీది రేకు హ అంటాయి. మాస్కో మాటల్లో, వాళ్ళు వేసిన పాత పటాల్లో గ ఉంటుంది.

అది చిన్న విషయమని ఎవరూ అనుకోరాదు. రయీసా చదువుకునే రోజుల్లో బడి రిజిస్టరులో గ ఉండేది. హ అన్న పిల్లల్ని పల్లెటూరి నోళ్ళని నవ్వేవారు. యుద్ధం మూడో ఏట ఆ గ ఎక్కడ కనిపించినా ఆమెకు ఒళ్ళు మండుతుంది. పేరు ముఖ్యం కాదని ఆమె ఏనాడూ అనలేదు. పేరుతోపాటు పొయ్యి కూడా ముఖ్యమని మాత్రం అంది.

సర్వస్వంలో గ పక్షానికి నాయకుడు 'పాత పటం' అనే మారుపేరు గల పెద్దమనిషి. న్యూజిలాండ్‌లో ఉంటాడు. ఉక్రెయిన్‌లో అడుగుపెట్టలేదు, అక్కడివాళ్ళనెవరినీ ఎరగడు. అందువల్ల అతను నిష్పాక్షికుడని అందరూ ఒప్పుకున్నారు. లియోనీద్ ఆ ప్రాంతపు మనిషి, పైగా ఆ ఊరి అల్లుడు. అందువల్ల అతని మాటల్లో స్వప్రయోజనం ఉందని నిర్ధారించారు. హ పక్షంలో అతనికి అండగా కెనడా నుంచి 'గోధుమ కంకి' నిలబడింది. బాంబుదాడి సైరన్ మోగితే కుర్చీలోంచి కదలని లియోనీద్, పాత పటం ఏదో రాశాడని కంప్యూటరు కూసిందంటే నోట్లో ముద్దతో పరిగెత్తేవాడు.

ఏడాదిన్నర పోరాటం తర్వాత చరిత్రాత్మకమైన రాజీ కుదిరింది. మనుషులున్న ఊరికి ఆ దేశం వాడే పేరు పెట్టాలి. మనుషులు లేని ఊరికి పాత పుస్తకాల్లో ఎక్కువసార్లు అచ్చయిన పేరు పెట్టాలి. మనుషులు అంటే ఎందరు అన్న ప్రశ్న మీద ఇంకో మూడు నెలలు గడిచి, ఒకరున్నా చాలని తేలింది. రెండు పక్షాలూ ఒకరి ఔన్నత్యాన్ని ఒకరు మెచ్చుకున్నాయి. ఆ రోజు నుంచి భూగోళం నలుమూలలా రెండు వందల పద్నాలుగు మంది విద్యావంతులు ఒడార్కా ఒంట్లో ఎలా ఉందని ఆరా తీయసాగారు.

ఉండటమంటే ఊరికే ఉంటే చాలదు, ఆధారం కావాలి. లియోనీద్ ఫోన్ చేసి ఆవిడతో "నేను ఇక్కడే ఉన్నాను" అనిపించి రికార్డు చేసి పంపాడు. తన ఉనికి గురించి ఆవిడే చెప్పడం నమ్మదగిన మూలం కాదన్నారు. ఆనాటి పేపరు చేతికిచ్చి బావి పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. దాన్ని చూసి పోర్చుగల్ నుంచి ఒకావిడ, ఈమెను ఎవరు ఎత్తుకుపోయారని కంగారుపడింది. చివరికి ఒక పత్రికలో, పోయిన పాస్‌పోర్టుల ప్రకటనకూ మరణవార్తలకూ మధ్య, 'ఒడార్కా యుఖీమివ్నా తన ఇంట్లో నివసిస్తున్నారు' అని ఒక వాక్యం వేయించాడు. మరణవార్తల పక్కన వేయడంలో పత్రిక ఉద్దేశమేమిటని పదకొండు రోజులు చర్చ నడిచింది. గోధుమ కంకి ఆధ్వర్యంలో నివాసి సంక్షేమ సంఘం ఏర్పడింది. సంఘం సభ్యులు ఆవిడకు దీర్ఘాయుష్షు కోరుతూ తీర్మానం చేశారు. కట్టెల మాట తీర్మానంలో రాలేదు. అది వారి పరిధిలోది కాదు.

ఒడార్కా పొయ్యి గొట్టం పగిలి రెండేళ్ళయింది. ఇంట్లో పొగ, బయట చలి. ఆవిడ తలుపు తెరిచి పొగనూ మూసి చలినీ ఆపుతూ రోజు గడుపుతుంది. సెప్టెంబరులో ఒకసారి, కోళ్ళ సంగతి చెబుతూ మధ్యలో, "మీ ఇంట్లో రేడియేటరు కాగుతుందటగా" అంది. ఆవిడ మనిషిని ఎరిగిన రయీసాకు అది అడగడమేనని తెలుసు. రెండోసారి అడగదనీ తెలుసు.

అక్టోబరు మధ్యలో ఒడార్కా బావి దగ్గర జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. రయీసా కారు తీసుకుని వెళ్ళి ఆసుపత్రిలో చేర్చింది. రెండు రోజులు ఉంచుకుంటామన్నారు. ఆ సంగతి లియోనీద్ సంఘంలో రాశాడు, సానుభూతి ఆశించి. సానుభూతి వచ్చింది. దాంతోపాటే సర్వస్వంలో హ్రుషెవీ యార్ జనాభా సున్నా అయింది, పేరు గ లోకి మారింది. కింద పాత పటం, 'నివాసి త్వరగా కోలుకోవాలని ఆకాంక్షిస్తూ' అని సంతకం చేశాడు.

లియోనీద్ ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుకు చాలా విషయాలు వివరించాడు. మంచం మీద ఉన్న స్త్రీ వట్టి స్త్రీ కాదనీ, ఒక అక్షరమనీ చెప్పాడు. అలాంటివారు తరచుగా వస్తుంటారు కాబట్టి డాక్టరు వాదించలేదు. రయీసా తను పనిచేసే బాలవాడి వంటింట్లో నూట ఇరవై మందికి జావ కాస్తున్న సమయంలో, లియోనీద్ అత్తగారిని కారెక్కించి ఊళ్ళో దింపి వచ్చాడు. ఒంటి చేత్తో ఆవిడ పొయ్యి ఎలా ముట్టిస్తుందని సాయంత్రం రయీసా అడిగితే, జనాభా మళ్ళీ ఒకటి అయిందని చెప్పాడు. కరెంటు కోతలకని ఆవిడ కోసం కొన్న పెద్ద బ్యాటరీని కూడా తిరిగి తెచ్చాడు. కోతల వేళ ఇంటర్నెట్ ఆగిపోతే ఊరి తరఫున మాట్లాడే నాథుడు ఉండడు కదా.

ఆ వారం రయీసా తల్లికి రోజూ ఫోన్ చేసింది.

"ఎలా ఉందమ్మా?"

"ఎలా ఉంటానే? మీ ఆయన నన్ను జనాభా అంటున్నాడు. జనాభా అంతా క్షేమం."

"నిజం చెప్పమ్మా. ఇక్కడికి రావాలనుందా, ఆ ఊరు వదలాలని లేదా?"

"మూట కట్టి నెలయింది. రాత్రికి అందులోంచి దుప్పటి తీసి కప్పుకుంటున్నా, తెల్లారగానే మళ్ళీ మూటలో పెడుతున్నా. నాకు ఈ లోయలో ఊరి మీద మోజేం లేదే రయీసా. ఎనభై మూడేళ్ళు చూశా. ఇంకా చూడాలంటే ఏం మిగిలింది?"

"మరి ఊరి పేరు పోతుందని ఆయన…"

"ఆ పేరు నేను నోటితో అని ఏడు నెలలైంది. ఎవరితో అంటాను, కోళ్ళతోనా?"

రయీసా ఆ రోజు పని నుంచి వచ్చి, కూతురు ఉల్యానా సాయంతో, జీవితంలో మొదటిసారి సర్వస్వంలోకి ప్రవేశించింది. చర్చా పేజీ అడుగున ఇలా రాసింది: 'నేను ఒడార్కా కూతుర్ని. ఊరు ఖాళీ కాకూడదని మీరందరూ కోరుకుంటున్నందుకు సంతోషం. అమ్మకు చేయి విరిగింది. ఈ చలికాలం ఆ ఇంట్లో ఉండటానికి మీలో ఎవరు వస్తారు? ఇల్లు గట్టిదే. గొట్టం బాగుచేసుకోవాలి. కట్టెలున్నాయి, సగం కొట్టినవి. కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.'

నాలుగు నిమిషాల్లో ఆ రాతను తీసేశారు. ఈ పేజీ ఊరి పేరును గురించి చర్చించడానికే గానీ ఊరిని గురించి చర్చించడానికి కాదని ఆమెకు మర్యాదగా హెచ్చరిక వచ్చింది. ఆ ఒక్క విషయంలో గ పక్షమూ హ పక్షమూ ఏకాభిప్రాయానికి వచ్చాయి. గోధుమ కంకి మాత్రం విడిగా ఒక ఉత్తరం రాసింది. ఆ ఊరంటే తనకు ప్రాణమనీ, అక్కడి గాలి తలచుకుంటే కళ్ళు చెమరుస్తాయనీ, అయితే తనకు కీళ్ళనొప్పులనీ, చలి పడదనీ. మనం నవ్వాల్సిన పని లేదు. మనకు ప్రాణమైన ఊళ్ళు ఎన్నో ఉన్నాయి, వాటిలో మనం ఉండటం లేదు.

నవంబరు మొదటి ఆదివారం ఉల్యానా ఇద్దరు పిల్లలతో భోజనానికి వచ్చింది. రయీసా బోర్ష్ అనే బీట్‌రూట్ చారు వండింది. అందరూ కూర్చున్నాక లియోనీద్ తన గదిలోంచి వచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడు. అతను నిలబడితే ప్రసంగమని పిల్లలకు తెలుసు. వాళ్ళు చెంచాలు కింద పెట్టారు.

"ఈ ఉదయం తుది నిర్ణయం వెలువడింది" అన్నాడు లియోనీద్. "మన ఊరు మన అక్షరంతోనే ఉంటుంది. నివాసి నివసిస్తున్నంత కాలం ఎవరూ ముట్టుకోకూడదు. మళ్ళీ మార్చి ఒకటిన సమీక్ష. అంటే ఈ నాలుగు నెలలే కీలకం. చరిత్రలో ఒక్కోసారి ఒక జాతి భారమంతా ఒక మనిషి భుజాల మీద పడుతుంది. ఆ మనిషి మన కుటుంబంలో ఉండటం మన అదృష్టం. అత్తగారు అక్కడ కూర్చుంటే చాలు. ఏమీ చేయక్కర్లేదు. ఊరికే ఉండాలి. ఒక ఊరిని కాపాడటానికి ఇంతకంటే తేలికైన మార్గం లోకంలో ఎక్కడా లేదు."

"చలిలోనా, నాన్నా?" అంది ఉల్యానా.

"చలి అందరికీ ఉంది" అన్నాడు లియోనీద్. రేడియేటర్ ఉన్న గది తలుపు అతని వెనక తెరిచే ఉంది. వెచ్చగా గాలి వస్తోంది. "అసలు ఊళ్ళో ఉండటం కష్టమని అనుకోవడమే మన వెనకబాటు. ఆ ఏకాంతం, ఆ గాలి! నాకే గనక ఇక్కడ ఈ బాధ్యత లేకపోతే…"

మిగతాది అతను పూర్తి చేయలేదు. పూర్తి చేయాల్సినంత అవసరం కనిపించలేదు.

రయీసా అందరి పళ్ళాల్లోనూ మీగడ వేసింది. అతని పళ్ళెంలో కాస్త ఎక్కువే వేసింది. గరిటె గిన్నెలో పెట్టి, చేతులు తుడుచుకుని, పిల్లలకు రేపు బడి ఎన్నింటికో అడిగినంత మామూలుగా మాట్లాడింది.

"అందరూ ఉన్నారు కాబట్టి చెబుతున్నా. శనివారం అమ్మని తీసుకొస్తున్నాను. ఆ గది ఆమెది. బల్ల పొద్దున పక్కింటివాళ్ళు వచ్చి జరుపుతారు, మాట్లాడేశా."

లియోనీద్ నోరు తెరిచాడు.

"నువ్వన్నది నిజమే లియోన్యా, ఊరు ఖాళీ కాకూడదు" అంది రయీసా. "నేను కాదనలేదు. లోకంలో అందర్నీ అడిగి చూశా. ఎవరికీ వీలుపడదట. వాళ్ళకి దూరం, నీకు గంటన్నర. నీకు కీళ్ళనొప్పులు కూడా లేవు. రెండు చేతులూ బాగున్నాయి. జనాభాలో తేడా రాదు, పేరులో తేడా రాదు. ఊరికే ఉండటమేగా, అమ్మ అంత బాగా ఉండలేకపోయినా నువ్వూ ఉంటావు."

పిల్లలు తాతయ్యను చూశారు. ఉల్యానా గిన్నెలోకి చూసింది.

"శనివారం కారు నేనే నడుపుతాను" అంది రయీసా. "ఎలాగూ వెళ్తున్నా. పోయేటప్పుడు కారు ఖాళీగా పోవడం దేనికి?"