ముందు నలుపు, వెనక అనుభవం

మా కార్యాలయంలో వృద్ధాప్యాన్ని సంపూర్ణంగా నిర్మూలించామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఉద్యోగంలో చేరి ముప్ఫై ఏళ్ళు దాటినవారు మాలో చాలామందే ఉన్నారు గానీ, వయసు నలభై దాటినవారు ఒక్కరూ లేరు. ఈ ఘనకార్యాన్ని ప్రతి ఆదివారం ఉదయం ఎవరి స్నానాలగదిలో వారు, తలుపు గడియ పెట్టుకుని, చిరిగిన బనీను తొడుక్కుని, పాత టూత్‌బ్రష్షుతో సాధిస్తారు. కొద్దిగా చెవి వెనక రాసి రెండు రోజులు ఆగి చూడమని రంగు ప్యాకెట్టు మీద రాసి ఉంటుంది. ఆ సూచన పాటించిన మనిషి ఇంతవరకు మాకు తారసపడలేదు. సోమవారం నాడు ఒకరి చెవి మీద నల్లటి మరక మరొకరికి కనిపిస్తుంది. చూసినవారు వెంటనే ఎండ గురించి మాట్లాడతారు. మా సంస్థలో మర్యాద అంటే ఇదే.

పెద్ద గుమాస్తాగారు ఈ మర్యాదలో అందరికీ ఆదర్శం. ఆయన తలకు రంగు వేసే బాధ్యత మొదటినుంచీ ఆయన భార్యదే. ప్లాస్టిక్ గిన్నెలో పొడి కలపడం, మరకలు పడకుండా నుదుటికీ చెవులకూ నూనె రాయడం, ముఖ్యంగా ఆయనకు కనిపించని తల వెనక భాగాన్ని పాయలు తీసి కుదుళ్ళదాకా పట్టించడం ఆవిడ పని. ఆవిడ మాత్రం తన జుట్టును దాని మానాన వదిలేశారు. అది నిండుగా నెరిసింది. నాకెవరు ప్రమోషన్ ఇస్తారు కనుక అన్నది ఆవిడ వాదన.

ఇలా ఉండగా కొత్త డైరెక్టరుగారు వేంచేశారు. ఆయనకు యువశక్తి మీద అపారమైన విశ్వాసం. ఆయన జుట్టు చూస్తే కాకులు సిగ్గుపడాలి. శనివారం స్వాగత సభకు అందరం కుటుంబాలతో వెళ్ళాము. డైరెక్టరుగారు పెద్ద గుమాస్తాగారిని ఎగాదిగా చూసి, పక్కనున్న ఆవిడకు వంగి నమస్కరించి, "మీ అక్కగారా?" అని అడిగారు. అప్పటికి డిప్యూటీ డైరెక్టరు పదవి ఖాళీగా ఉంది. దానికోసం పెద్ద గుమాస్తాగారు ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాచేలా ఎదురు చూస్తున్నారు. సోమవారమే ఇంటర్వ్యూ. ఆ ఖాళీ కుర్చీ ఒక్కసారి ఆయన కళ్ళముందు మెదిలింది.

"అవునండి," అన్నారాయన.

ఆవిడ అక్కడ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక కూడా ఏమీ అనలేదు. దాంతో ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. మర్నాడు ఉదయం ఆయన అలవాటు ప్రకారం గిన్నె, బ్రష్షు తెచ్చి ముందు పెట్టి, తల వంచుకుని కూర్చున్నప్పుడు మాత్రం ఆవిడ నోరు విప్పారు.

"అక్కనయ్యాక ఇంకా మీరు, గీరు అనడం బాగోదు. నువ్వే వేసుకో తమ్ముడూ."

ఆయన స్వయంకృషికి పూనుకున్నారు. ముందువైపు పని దిగ్విజయంగా ముగిసింది. ఉత్సాహం పట్టలేక కనుబొమలకు కూడా రెండు పూతలు వేశారు. ఇక చెయ్యి వెనక్కి పెట్టి గుడ్డిగా అంచనా మీద లాగించారు. రంగు గోడకు పట్టింది, తువ్వాలుకు పట్టింది, వీపుకు పట్టింది, సబ్బుకు కూడా పట్టింది. వెనక జుట్టుకు మాత్రం పట్టలేదు. కడుక్కుని అద్దంలో చూసుకుంటే ఎదురుగా నవయువకుడు. వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు మా సంస్థలో ఎవరికీ లేదు.

సోమవారం ఆయన మా బల్లల మధ్యగా నడిచి వెళ్తుంటే వెనకనుంచి దూదిబస్తా నడుస్తున్నట్టుంది. మేమందరం ఎండ గురించి మాట్లాడుకున్నాము.

ఇంటర్వ్యూలో ఆయన హుషారుగా జవాబులు చెప్పారట. డైరెక్టరుగారు మాత్రం కుర్రతనం సరే, అనుభవం ఏదీ అని పెదవి విరిచారట. పెద్ద గుమాస్తాగారు దిగాలుపడి లేచి తలుపు వైపు తిరిగారు. అంతే, డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వస్తుంటే యౌవనం, వెళ్తుంటే అనుభవం. ఇలాంటి అభ్యర్థి తన సర్వీసులోనే తగల్లేదని అక్కడికక్కడే పదవి ఖాయం చేశారు.

వారం తిరక్కుండా అభినందన సభ ఏర్పాటైంది. అక్కగారిని తప్పక తీసుకురావాలని పై నుంచి ఆదేశం. యువత ముందుండాలి, అనుభవం దాని వెనక నిలబడాలి, ఆ రెండూ ఒకే తలమీద సర్దుకోవడం మన సంస్థ అదృష్టం అంటూ డైరెక్టరుగారు చాలాసేపు ప్రసంగించి, అక్కగారిని నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆవిడ తాపీగా లేచి మైకు అందుకున్నారు.

"మా తమ్ముడు బంగారం. వాణ్ణి ఒక ఇంటివాణ్ణి చేస్తే నా బరువు దిగిపోతుంది. మంచి సంబంధం ఉంటే చెప్పండి."

మేమందరం ఆయన కూతురి పెళ్ళిలో కడుపునిండా తిన్నవాళ్ళమే. మాలో కొందరు ఆయన పెళ్ళిలోనే తిన్నారు. కానీ ఆ మాట పైకి అంటే, అప్పటికి తమ వయసెంతో కూడా చెప్పాల్సి వస్తుంది. కనుక చప్పట్లు కొట్టాము. క్యాషియరు తన మేనకోడలు ఉందన్నాడు. డైరెక్టరుగారు తన పినతల్లి కూతుర్ని ఫోనులో చూపించసాగారు.

పెద్ద గుమాస్తాగారికి ముచ్చెమటలు పోశాయి. కనుబొమల రంగు కరిగి చెంపల మీదుగా రెండు నల్లటి కాలువలు కట్టింది. ఆయన భార్య వైపు చూశారు. పాపం, ఆవిడ నవ్వడం లేదు. అప్పుడాయన పదవి సంగతి మరచిపోయారు.

"ఈవిడ నా అక్క కాదండి, నా భార్య. ఆ రోజు కుర్చీ కోసం అబద్ధమాడాను. నన్ను క్షమించవే."

డైరెక్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నారు. తనకంటే ఇంత పెద్దావిడను పెళ్ళాడిన ఆదర్శ యువకుణ్ణి చూడడం ఇదే మొదటిసారి అన్నారు. మేము లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాము. ఆవిడ నవ్వు ఆపుకోలేక మైకు స్టాండు పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.

ఇంటిదారిలో ఆవిడ, "వచ్చే ఆదివారం వెనక నేను వేస్తాలెండి," అన్నారట. ఆ "లెండి" వినేసరికి ఆయన ప్రాణం లేచి వచ్చిందట. కానీ ఏం లాభం, ఆదివారంలోపే ఉత్తర్వు వచ్చింది. సిబ్బంది యావన్మందీ ముందు నలుపు, వెనక తెలుపు పాటించాలి. దీనితో పెళ్ళాలు ప్రేమగా వెనకంతా పట్టించిన మగవాళ్ళు తెల్లరంగు కోసం దుకాణాల చుట్టూ తిరుగుతున్నారు. బట్టతలవారి విజ్ఞాపన పరిశీలనలో ఉంది. పెద్ద గుమాస్తాగారి ఇంట్లో మాత్రం ఆవిడ యథాప్రకారం ఆయన వెనక నిలబడి, ఆ తెల్లజుట్టును ఉత్తినే దువ్వి వదిలేస్తున్నారు.

మమ్మల్ని చూసి మీరు నవ్వుకుంటున్నారు. సంతోషం. కాకపోతే చదువుతూ చదువుతూ మీ చెయ్యి మెల్లగా తల వెనక్కి వెళ్ళింది. మేమేమీ చూడలేదు. ఇవాళ ఎండ కాస్త ఎక్కువగానే ఉన్నట్టుంది.