కుందేలు మూర్ఛపోతే పతకం

పిల్లలకి చదువు రావడం లేదని ఏడ్చేవాళ్ళందరికీ ఒక శుభవార్త. ఇకమీదట చదువు రానక్కర్లేదు! చదువుతున్నట్టు తెర మీద కనిపిస్తే చాలు. ఈ మాట నేను నోటికొచ్చినట్టు అనడం లేదు. దీని మీద పరిశోధన జరిగింది. చేసింది కూడా ఎవరో కాదు, మా ఇంటి పిల్లే.

నమ్మరా? మా ఆఫీసులో నిప్పంటుకుంటే ఏం చెయ్యాలో నేర్పడానికి ఆన్‌లైన్ కోర్సు పెట్టారు. అందరం వీడియో ఆన్ చేసి టీకి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి అందరికీ సర్టిఫికెట్లు వచ్చి ఉన్నాయి! వాటిని ప్రింటు తీసి వరసగా గోడకి అంటించాం. నిప్పంటూ అంటుకుంటే ముందు కాలేవి అవే. మా పక్కింటాయన ఫోన్లో రోజూ ఒక పరాయి భాష నేర్చుకుంటున్నాడు. ఆ భాష మాట్లాడే మనిషి నిన్న లిఫ్టులో కనిపించి పలకరిస్తే, ఈయన చార్జింగ్ లేదని సైగ చేసి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. చదువు ఇంత సుఖంగా ఎప్పుడన్నా ఉండేదా? మా చిన్నప్పుడు ఏదన్నా వచ్చిందని చెప్పుకోవాలంటే, అది నిజంగా వచ్చి చావాల్సొచ్చేది కాదా?

ఇక మా ఇంటి పిల్ల సంగతి. మా అన్నయ్య కూతురు. ఇంట్లో అందరం డాక్టరమ్మ అంటాం. ఇంకా డాక్టరు కాలేదు. పరిశోధనలో చేరిన రోజున మా వదిన ముచ్చటపడి పెట్టిన పేరది. మొదట్లో అలా పిలిస్తే సిగ్గుపడి నవ్వేది. తర్వాత విననట్టు వెళ్ళిపోయేది. ఈమధ్య పిలిస్తే వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడవుతున్నాయి. "ఎంతవరకొచ్చిందమ్మా?" అని అన్నయ్య అడిగితే మటుకు "అయిపోవచ్చింది నాన్నా" అంటుంది. మా ఇంట్లో ఇంతకాలంగా అయిపోవస్తున్న పని ఇంకొకటి లేదు. అటు యూనివర్సిటీవాళ్ళు, ఈ టర్ములో థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు అని చెప్పేశారు.

ఇంతకీ పరిశోధన దేని మీద? మనుషులు టెక్నాలజీతో ఎలా నేర్చుకుంటారన్న దాని మీద. ఒక బళ్ళో ఆరో తరగతి పిల్లలకి తలా ఒక ట్యాబ్ ఇచ్చారు. అందులో ఒక కుందేలు ఉంటుంది. అది భిన్నాల లెక్కలు అడుగుతుంది. సరైన జవాబు నొక్కితే గెంతుతుంది. తప్పు నొక్కితే చెవులు వేలాడేస్తుంది. ఏ పిల్ల ఎప్పుడు ఏం నొక్కిందో, ఎంతసేపు నొక్కిందో అంతా గీతలై యూనివర్సిటీలో డాక్టరమ్మ కూచున్న గదిలో కంప్యూటర్ మీద కనిపిస్తుంది. గీత పైకెళితే పచ్చరంగు. కిందికొస్తే ఎరుపు.

పిల్లలు ఎలా నేర్చుకుంటారో తెలియాలంటే వెళ్ళి పిల్లల్ని చూడాలి కదా, అని మీరూ నేనూ అనుకుంటాం. అందుకే మనం పరిశోధకులం కాలేకపోయాం! పిల్లల్ని చూస్తే పరిశోధన చెడిపోతుంది. వాళ్ళు ముక్కు చీదుతారు, పక్కవాణ్ణి గిల్లుతారు, కిటికీలోంచి కాకిని చూస్తారు. గీత ఈ పనులేవీ చెయ్యదు. అంచేత డాక్టరమ్మ ఆ పిల్లల్లో ఒక్కరి మొహమూ చూడకుండా వాళ్ళ గురించి నాలుగు అధ్యాయాలు రాసేసింది.

ఆవిడ గైడుగారికి పైకెళ్ళే గీత కనిపిస్తే ఆ పూట అన్నం సయించనంత సంతోషం. పిల్లలు తప్పు మీద తప్పు నొక్కుతూ కూడా ట్యాబ్ వదలడం లేదని ఆయన కనిపెట్టారు. దానికి పట్టుదల అని పేరు పెట్టారు. థీసిస్ పేరు కూడా దాని మీదే పెట్టించారు.

"సార్, అన్నీ తప్పులే చేస్తున్నారు" అని డాక్టరమ్మ ఒకసారి గొణిగింది.

"చేస్తున్నారు. చేసి ఊరుకుంటున్నారా? మళ్ళీ చేస్తున్నారు! అదమ్మా పట్టుదలంటే."

మా కాలంలో ఇదే గుణానికి మొద్దుతనం అని పేరుండేది. దాన్ని గుర్తించిన మాస్టారు మమ్మల్ని బెంచీ ఎక్కించేవారు. ఒక్క పేరు మార్చేసరికి ఇప్పుడు తరగతికి తరగతే బాగుపడిపోయింది. వాపుని చూసి బలుపనుకోవడం అంటూ పాడు సామెత ఒకటుంది గానీ, దాన్ని కట్టినవాడి దగ్గర కంప్యూటర్ లేదు పాపం.

చివరికి గైడుగారే అన్నారు, థీసిస్‌లో ఎక్కడో ఒకచోట మనిషి కనిపిస్తే బాగుంటుందని. "ఊరికే ఒక అధ్యాయం. అందరికంటే పట్టుదల ఎక్కువున్న పిల్లని పట్టుకుని మాట్లాడి రా. అయిపోతుంది." గీతలన్నీ వెతికితే పదిహేడో నంబరు తేలింది. ఆ గీత తెర పైఅంచు దాటి బయటికి వెళ్ళిపోయింది!

డాక్టరమ్మ బడికి వెళ్ళింది. తరగతిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేటంత నిశ్శబ్దం. పిల్లలందరూ తలలు వంచుకుని నొక్కుతున్నారు. వెనక గోడ దగ్గర వైర్ల మధ్య ఒక పెద్దాయన ఒంగుని ప్లగ్గులు పెడుతున్నాడు. ఎలక్ట్రీషియన్ అనుకుంది. కాదు, లెక్కల మాస్టారు! కుందేలు వచ్చాక ఆయనకి పాఠం చెప్పే బాధ తప్పింది. ట్యాబులకి చార్జింగ్ పెట్టడం, పిల్లలు మరిచిపోయిన పాస్‌వర్డులు మార్చడం, ఇంతే ఉద్యోగం.

"ఇన్నేళ్ళు లెక్కలు చెప్పానమ్మా. ఒక్కరూ చూడ్డానికి రాలేదు. ప్లగ్గులు పెట్టడం మొదలెట్టాక పరిశోధన చెయ్యడానికి వచ్చారు" అన్నాడాయన. అని, ఇంకో ప్లగ్గు పెట్టాడు.

పదిహేడో నంబరు రెండు జడలతో, కోర పన్ను ఒకటి ఊడి, మూడో బెంచీలో ఉంది. డాక్టరమ్మ వెళ్ళి పక్కన కూచుంది.

"నువ్వేనా అంత పట్టుదలగా లెక్కలు చేసేది?"

"నేనే అక్కా! చూస్తావా?"

సగం, మూడోవంతు కలిపితే ఎంత? అని కుందేలు అడిగింది. పిల్ల ప్రశ్న చదవను కూడా చదవకుండా తప్పు నొక్కింది. కుందేలు చెవులు వేలాడేసింది. మళ్ళీ తప్పు నొక్కింది. కుందేలు కళ్ళు తుడుచుకుంది. మూడోసారి నొక్కేసరికి గుండె పట్టుకుని వెల్లకిలా పడిపోయింది!

"పడిందా?" అని వెనక బెంచీ అడిగింది.

"పడింది!"

కాసేపటికి కుందేలు తనంతట తనే లేచి, జవాబు చెప్పేసి, 'ప్రయత్నమే విజయం' అంటూ బంగారు పతకం ఒకటి తెచ్చి పిల్ల పేరు పక్కన తగిలించింది. డాక్టరమ్మకి నాలుగు అధ్యాయాలూ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి.

"అదేంటమ్మా, సరైన జవాబే నొక్కచ్చుగా?"

"అబ్బ, సరిగ్గా నొక్కితే ఒక్క గెంతు గెంతి ఊరుకుంటుందక్కా. పతకం కూడా ఇవ్వదు. ఇప్పుడు అందరూ ఇలాగే చేస్తారు. ముందు కనిపెట్టింది మాత్రం నేనే!"

"మరి నీకు భిన్నాలు వచ్చా?"

"రావు" అంది పిల్ల, అదేం ప్రశ్న అన్నట్టు చూసి. "కుందేలుకి వచ్చుగా!"

ఇక్కడే లేచి వచ్చేస్తే పోయేది. అధ్యాయం రాసుకుని, పట్టా పుచ్చుకుని, హాయిగా ఉండేది. కానీ అంతలో ట్యాబ్‌లో చార్జింగ్ అయిపోయి తెర నల్లబడింది. పిల్ల చేతులు కట్టుకుని కూచుంది. డాక్టరమ్మ లేవబోయి మళ్ళీ కూచుంది. నేర్చుకోవడం గురించి ఇన్నేళ్ళు రాసిన తను, పక్కనున్న పిల్లకి సగమూ మూడోవంతూ కలపడం రాదని తెలిసీ ఎలా లేచి వెళుతుంది? మాస్టారి బల్ల మీద నిన్నటి పేపరు కనిపిస్తే సర్రున ఒక కాగితం లాగింది. అది పేపర్లో నేను రాసే ఈ కాలమ్ పడిన పేజీ. చింపేముందు కాలమ్ చదివిందా అని తర్వాత అడిగాను. లేదంది.

కాగితాన్ని నిలువుగా సగానికి మడిచింది. విప్పి, అడ్డంగా మూడు భాగాలకి మడిచింది. మళ్ళీ విప్పితే ఆరు గళ్ళు వచ్చాయి.

"ఇందులో సగమంటే ఎన్ని గళ్ళు?"

"మూడు."

"మూడోవంతంటే?"

పిల్ల వేలితో లెక్కపెట్టింది. "రెండు... అంటే మొత్తం ఐదు. ఆరింట్లో ఐదు!" కాగితాన్ని తిప్పి చూసింది, మడిచి చూసింది. "అంతేనా? మరి ఆ కుందేలు ఇన్నాళ్ళూ దేనికక్కా అంత డాన్సు చేసింది?"

ఆ పూట బళ్ళో పాత పేపర్లన్నీ మడతలు పడ్డాయి. పదిహేడో నంబరు వెనక బెంచీకి చెప్పింది, వెనక బెంచీ పక్క బెంచీకి చెప్పింది, చెప్పినవాళ్ళకి రానిచోట అరుచుకున్నారు. మాస్టారు వైర్లు వదిలేసి సొరుగులోంచి సుద్దముక్క తీశాడు. అది పట్టుకుని కాసేపు అలాగే నించున్నాడట, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియనట్టు.

ఇక చూడండి ఘోరం! మర్నాటి నుంచీ పిల్లలు ప్రశ్న చూడగానే సరైన జవాబు నొక్కి, ట్యాబ్ మూసేసి ఆడుకోవడానికి పోయారు. కుందేలు మూర్ఛపోయే అవకాశమే లేకపోయింది. పతకాలు ఆగిపోయాయి. పట్టుదల గీత కొండ మీంచి రాయి జారినట్టు జారి అడుక్కి పోయింది. తెరంతా ఎరుపు! పదిహేడో నంబరు పక్కన కంప్యూటరు తనంతట తనే ఒక హెచ్చరిక పెట్టింది. 'ఈ విద్యార్థిని చదువుపై ఆసక్తి కోల్పోయింది. తక్షణ సహాయం అవసరం.'

గైడుగారు పిలిపించారు.

"ఏం చేశావమ్మా?"

"భిన్నాలు చెప్పాను సార్."

"ఎవరు చెప్పమన్నారు? నిన్ను మాట్లాడి రమ్మన్నాను, పాఠం చెప్పమన్నానా? డేటా అంతా పాడైపోయింది!"

"పిల్లలకి లెక్కలు వచ్చేశాయి సార్."

"నేను పిల్లల గురించి అడగలేదు."

కాసేపయ్యాక ఆయనే మెత్తబడ్డారు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న మనిషే గానీ, చెడ్డవాడేం కాదు. "ఆ వారం తీసెయ్. సర్వర్ పని చెయ్యలేదని ఒక్క ముక్క రాయి. ఈ టర్ములోనే పట్టా తీసుకుని వెళ్ళిపో" అన్నారు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ నా గదిలోకొచ్చి కుర్చీలో కూలబడి జరిగిందంతా చెప్పింది. పెద్దవాణ్ణి కదా, చెప్పాల్సిన మాట చెప్పాను. "తీసెయ్యమ్మా. ఒక్క వారమే కదా!"

"ఆ ఒక్క వారమే కదా బాబాయ్, వాళ్ళు నేర్చుకుంది."

అంది, ఏడ్చింది. మూర్ఛపోయి ఊరుకుందామంటే నేను కుందేలుని కూడా కాదు.

థీసిస్ మీద తీర్పు చెప్పే ముగ్గురు పెద్దల ముందు జరిగే సెమినార్‌కి నేనూ వెళ్ళి వెనక కూచున్నాను. డాక్టరమ్మ గీతని ఉన్నదున్నట్టు చూపించింది, పడిపోయిన చోటుతో సహా.

"ఇక్కడ పడిపోయిందేం?" అని కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన అడిగాడు.

"ఇక్కడే నేర్చుకున్నారండి."

హాలంతా గొల్లున నవ్వింది. గైడుగారు తల దించుకున్నారు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి వాళ్ళ ముందు పరిచి చూపించింది. ముగ్గురు పెద్దలు ఒకరి తలకి ఒకరి తల ఆనించి ఆ కాగితాన్ని చూసి, తెగ మెచ్చుకుని, బయటికెళ్ళి మాట్లాడుకుని వచ్చి తీర్పు చెప్పారు. పరిశోధన అద్భుతం. కాకపోతే థీసిస్ పేరు పట్టుదల మీద ఉంది, పిల్లలకేమో పట్టుదల లేదు. అయితే పేరన్నా మార్చుకో, లేకపోతే పిల్లలనన్నా మార్చుకో అన్నారు. పిల్లల్ని మారిస్తే ఈ టర్ములో అయిపోతుంది. పేరు మారిస్తే పాత రిజిస్ట్రేషన్ పోయి మళ్ళీ మొదటికి.

పేరే మార్చుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య మామూలుగా అడిగాడు, "ఎంతవరకొచ్చిందమ్మా?" అని. "మళ్ళీ మొదలుపెట్టాను నాన్నా" అంది. అన్నయ్య ముద్ద కలుపుతూ, "పోన్లే, ఇన్నాళ్ళకి ఒక నిజం చెప్పావు" అన్నాడు. వదిన డాక్టరమ్మా అని పిలిచి పెరుగు వడ్డించింది. గిన్నెలు చప్పుడు కాలేదు.

అయితే ఆ పెద్దలు ఊరికే పోలేదండోయ్! బళ్ళో లెక్కల మాస్టారు మళ్ళీ పాఠం చెప్పాలని గట్టిగా సిఫార్సు చేశారు. బడివాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. కాకపోతే, పాఠం చెప్పడానికి ముందు ఆయన భిన్నాలు ఎలా చెప్పాలో నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఒకటి పూర్తి చెయ్యాలన్నారు. కోర్సు చెప్పేది ఎవరనుకున్నారు? ఆ కుందేలే! మాస్టారు మొదటి రోజున ప్రతి ప్రశ్నకీ బుద్ధిగా సరైన జవాబు నొక్కాడు. 'ఆసక్తి తక్కువ' అని ఎరుపు రంగు వచ్చింది. పదిహేడో నంబరు పక్కన చేరి ఎక్కడెక్కడ నొక్కాలో చూపించింది. ఇప్పుడాయన దగ్గర సంచీడు పతకాలున్నాయి. కోర్సు మాత్రం అయిపోలేదు. ఒక మెట్టు దాటితే ఇంకో మెట్టు తెరుచుకుంటోందట.

అందాకా తరగతికి లెక్కలు ఎవరు చెబుతున్నారంటారా? రెండు జడలావిడ చెబుతోంది, పాత పేపర్లతో. మా డాక్టరమ్మ వెళ్ళి వెనక బెంచీలో కూచుని చూసి వస్తోంది. కొత్త థీసిస్ అదేనట. నా కాలమ్‌కి బళ్ళో ఎప్పుడూ లేనంత గిరాకీ పెరిగింది.

కాబట్టి పాఠకులారా, మొదట చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను. యంత్రం మహా వరం! మనం పిల్లల పక్కన కూచోవాల్సిన పని తప్పించింది. అంతటి ఉపకారం మీకు అక్కర్లేదనిపిస్తే మాత్రం, ఈ పేజీ పారెయ్యకండి. ఫోను ఇంకో గదిలో పెట్టి, ఇంట్లో పిల్లని పిలిచి పక్కన కూచోబెట్టుకోండి. నిలువుగా సగానికి, అడ్డంగా మూడింటికి మడవండి. ఎక్కడో ఎవరి తెర మీదో మీ గీత పడిపోతుంది. పడనివ్వండి.