పదిహేడో నంబరు క్షేమంగా దిగింది

మనిషి గాలిలో ఎగరడం నేర్చుకోవడం గొప్ప ఘనత అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. రెక్కలు, ఇంజను, కాస్త తెగింపు ఉంటే ఎవరైనా ఎగురుతారు. ఎన్నడూ ఎగరని, ఎగరలేని, ఎగిరే ఉద్దేశమైనా లేని విమానాన్ని స్తంభం మీంచి కిందికి దించడానికి అనుమతి సంపాదించడం అసలు ఘనత. నాగరికత అంటే అదే.

మా ఊళ్ళో నాలుగు రోడ్లు కలిసేచోట, సిమెంటు స్తంభం మీద, వైమానిక దళం స్మారకంగా ఒక యుద్ధవిమానం ఉంది. అసలుది కాదు, నమూనా. అసలువి కొన్ని యుద్ధంలో పోయాయి, మిగిలినవి తూకానికి పోయాయి. ఈ నమూనాని బీరువాలు చేసే వడ్రంగి ఒకాయన, ఒకే ఒక్క ఫోటో చూసి, ప్లైవుడ్డుతోనూ రేకుతోనూ తయారుచేశాడు. ఫోటోలో విమానం కుడిపక్కే కనబడింది కాబట్టి ఎడమపక్క ఆయన సొంత అభిరుచి (అటువైపు ఒక గొళ్ళెమూ, తాళంకప్పా ఉన్నాయి). తోక మీద ఏదో ఒక నంబరు ఉండాలన్నారని తన ఫోన్ నంబరు వేశాడు. ఇప్పటికీ ఆ విమానానికి ఫోన్ చేస్తే ఆయన మనవడు ఎత్తి, "బీరువానా, మంచమా?" అని అడుగుతాడు.

స్తంభం కింద నల్లరాతి పలక మీద యుద్ధంలో పోయిన పైలట్ల పేర్లు చెక్కి ఉన్నాయి. అందులో మా మామయ్య పేరు లేదు. ఆయన మా మేనత్త భర్త. యుద్ధం రోజుల్లో ఒక ఉదయం పదిహేడో నంబరు విమానం ఎక్కి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. మనిషీ దొరకలేదు, విమానమూ దొరకలేదు. అప్పటికి అత్తయ్యకి పెళ్ళయి ఏడాది తిరగలేదు. ఇప్పుడు ఆవిడ తలలో నల్ల వెంట్రుక భూతద్దం పెట్టి వెతికినా కనబడదు. ఆవిడకి మిగిలిన కోరిక ఒక్కటే, బతికుండగా ఆ రాతి మీద ఆయన పేరు చూసుకోవడం.

ఆ కోరికకు అడ్డుగా నిలిచిన కార్యాలయం పేరు స్థావర విమానాల ఉప నియంత్రణాధికారి కార్యాలయం. ఊళ్ళో ఉన్న స్థావర విమానం ఒకటే. ఉద్యోగం ముందు మంజూరైంది, దానికి పని కల్పించాలని విమానాన్ని తర్వాత కట్టించారని కొందరంటారు (నాకు కార్యాలయాలంటే గౌరవం, కాబట్టి నమ్ముతాను). అధికారి హోదా పూర్తిగా పలికేసరికి టీ చల్లారుతుందని అందరం ఆయన్ని ఉపగారు అనే అంటాం. మనిషి మంచివాడు. చీమకి కూడా దరఖాస్తు లేకుండా హాని చెయ్యడు.

అత్తయ్య ఎప్పుడు వెళ్ళినా ఇదే మాట.

"చనిపోయినవాళ్ళ పేర్లే చెక్కుతామమ్మా. మీవారు 'తిరిగి రావలసినవారు' జాబితాలో ఉన్నారు. పదిహేడో నంబరు దిగినట్టు రికార్డు లేదు. దిగలేదంటే మా లెక్కలో ఇంకా పైనే ఉన్నట్టు."

"ఇన్నేళ్ళా నాయనా? పెట్రోలు అయిపోదూ?"

"ఇంధనం వేరే శాఖమ్మా."

ఇలా ఉండగా నమూనా విమానానికి వయసు మీదపడింది. ఎడమరెక్కని చెదలు తిన్నాయి, పైలట్ కూర్చునేచోట పావురాలు సంసారాలు పెట్టాయి. ఒక గాలిరోజున ముక్కు దగ్గరి పంకా ఊడి సరిగ్గా ట్రాఫిక్ పోలీసు గొడుగు మీద పడింది. పాతికేళ్ళుగా ఎగరని విమానం శత్రువు కానివాడి మీద చేసిన తొలి దాడి అది. దాంతో విమానాన్ని దించి, బాగుచేసి, రాతిపలక కూడా కొత్తది వేయించి మళ్ళీ నిలబెట్టాలని తీర్మానమైంది.

పని నెత్తిన వేసుకున్నది రిటైరైన విమాన మెకానిక్కుల సంఘం. దానికి పెద్ద బోల్టు తాతయ్య. జేబులో చెయ్యి పెడితే చిల్లర బదులు బోల్టులు వస్తాయి కాబట్టి ఆ పేరు. ఆ ఉదయం పదిహేడో నంబరుని సిద్ధంచేసి, మామయ్యకి బెల్టు బిగించి పంపింది ఆయనే. అప్పట్నుంచీ అత్తయ్య ఇంట్లో కుళాయి కారినా, ఫ్యాను కిర్రుమన్నా పిలవకుండానే వచ్చి బాగుచేస్తాడు.

"అన్నయ్యగారూ, ఎలాగూ రంగులు వేస్తున్నారుగా. ఆ బీరువాల నంబరు తీసేసి తోక మీద పదిహేడు వెయ్యండి," అంది అత్తయ్య.

ఈ మాట వినగానే ఉపగారి ముఖం వెలిగింది. "బాగుందమ్మా! నంబరు వేస్తే పదిహేడో నంబరు ఫైలు మళ్ళీ తెరవొచ్చు. తెరిస్తే ముయ్యొచ్చు. ఏదో ఒక విధంగా మూస్తే చాలు, మీవారు 'రావలసినవారు'లోంచి బయటపడతారు. తర్వాత పేరు సంగతి నేను చూసుకుంటాను."

ఇంకేం, మా ఇంట్లో పండగే. అత్తయ్య మోకాళ్ళ నొప్పి మర్చిపోయి మెట్లెక్కింది. నేను అనుమతుల కోసం శాఖవారి 'గగనమిత్ర' యాప్ దించుకున్నాను.

నిబంధన ప్రకారం విమానం అనబడేది పైనుంచి కిందికి వస్తే దాన్ని 'దిగడం' అంటారు. క్రేనుతో దించినా, తనంతట తాను దిగినా యాప్‌కి ఒకటే. బయలుదేరే చోటు అడిగింది. 'స్తంభం' అనేది జాబితాలో లేదు, దగ్గరగా ఉన్నది 'అంతర్జాతీయం'. చేరే చోటు, రోడ్డుకి అవతల బస్సులు బాగుచేసే షెడ్డు. ప్రయాణ దూరం ఒక కిలోమీటరుకు తగ్గకూడదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. అందుకని కాగితం మీద మా విమానాన్ని కూరగాయల మార్కెట్టు చుట్టూ రెండుసార్లు తిప్పాం. విమానం గాలిలో ఉండగా తీసిన ఫోటో జతచెయ్యమంది. స్తంభం కనబడకుండా మెడ వంచి, నడుం వంచి, చివరికి రోడ్డు మీద వెల్లకిలా పడుకుని తీశాను (వెనక ఆగిన బస్సు డ్రైవరు నా వంశవృక్షాన్ని వేళ్ళదాకా తవ్వాడు).

తర్వాత తనిఖీ. ఒక ఇన్‌స్పెక్టరు నిచ్చెనెక్కి పావురాల్ని చూసి, "వీళ్ళెవరు?" అన్నాడు.

"పావురాలండీ," అన్నాను.

"ప్రయాణికులా, సిబ్బందా?"

ప్రయాణికులంటే బీమా కావాలి, సిబ్బంది అంటే యూనిఫాం కావాలి. రెండు చాయ్‌లు తాగి ఆలోచించి ఆయనే దారి చూపించాడు, 'స్థానికులు' అని రాయమని. చంటిపిల్లల తల్లులున్నారు కాబట్టి పిల్లలకి రెక్కలొచ్చేదాకా గడువు కూడా ఇచ్చాడు. ప్రభుత్వానికి మనసు లేదనేవాళ్ళు ఆ ఇన్‌స్పెక్టరుని చూడాలి.

దించేరోజున ఊరు ఊరంతా కూడలిలోనే ఉంది. ఉపగారు టీకొట్టు బెంచీ ఎక్కి ఎర్రజెండా పట్టుకున్నాడు, ఆ పూటకి అదే కంట్రోల్ టవరు. క్రేను కదిలింది. మా విమానం స్తంభాన్ని వదిలి, తాళంకప్ప ఊగుతుండగా గాలిలోకి లేచింది. జీవితంలో మొదటిసారి దానికి నాలుగు పక్కలా ఆకాశం తగిలింది. జనం ఈలలు వేశారు. ఎవడో "బీరువా ఎగిరిందిరోయ్!" అని అరిచాడు. అత్తయ్య చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నేను కూడా సిగ్గు విడిచి గంతులేశాను, అబద్ధమెందుకు.

చక్రాలు నేలకి తాకాయి. తాకీతాకగానే బోల్టు తాతయ్య, ఆ వయసులో, పరుగెత్తుకెళ్ళి వాటి ముందు కొయ్య దిమ్మలు అడ్డం పెట్టాడు. అవి ప్లైవుడ్డు చక్రాలు, మేకులు కొట్టి ఉన్నాయి, ప్రళయం వచ్చినా తిరగవు. అయినా విమానం దిగితే దిమ్మ పెట్టాలి, ముక్కు మీద ఒకసారి తట్టాలి, నంబరు రాసి పైలట్ సంగతి రాయాలి. మెకానిక్కులకి అది ఊపిరి తీసుకోవడం లాంటిది. ఉపగారు ఫారం చేతికిచ్చి, "ఏ గడీ ఖాళీగా వదలొద్దండీ, యాప్ తీసుకోదు," అన్నాడు. తోక మీద ఇంకా వెయ్యకపోయినా, దరఖాస్తులో ఉన్నట్టే తాతయ్య నంబరు రాశాడు, పదిహేడు. పైలట్ పరిస్థితి అన్నచోట ఒక్క క్షణం ఆగాడు. ఉద్యోగం మొత్తంలో ఆయన ఖాళీగా వదిలిన గడి అదొక్కటేనట, మామయ్య తిరిగిరాని రోజున. తర్వాత చెయ్యి దానంతటదే రాసేసింది, 'క్షేమం'.

షెడ్డులో రంపాలు పాడాయి. ఎడమపక్క కుడిపక్కని పోలింది, గొళ్ళెం ఊడింది. పదిహేడు అంకె అత్తయ్యే స్వయంగా వేసింది, ఏడు కాస్త వంకర పోయింది. ఒక సాయంత్రం నిచ్చెన వేసి ఆవిడని పైలట్ సీట్లో కూర్చోబెట్టాం.

"అమ్మో, ఇంత ఇరుకా! అంత పొడుగు మనిషి మోకాళ్ళు ఎక్కడ పెట్టుకునేవారండీ?"

"చెవుల దగ్గరమ్మా," అన్నాడు తాతయ్య. "దిగాక నిటారుగా నిలబడ్డానికి పావుగంట పట్టేది."

ఆవిడ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, ఇంకాసేపు కూర్చుంటానంది.

ఆ వారమే ఉత్తర్వు వచ్చింది. పదిహేడో నంబరు విమానం, ఆలస్యంగానైనా, క్షేమంగా దిగినందుకు శాఖ హర్షం ప్రకటించింది. ఫైలు మూసేశారు. మామయ్య పేరు 'తిరిగి రావలసినవారు'లోంచి తీసి, మాటిచ్చినట్టే వేరేచోట చేర్చారు, 'తిరిగి వచ్చినవారు'లో. తిరిగి వచ్చినవారి పేర్లు రాతి మీద చెక్కరు. అడుగున ఇంకో ముక్క కూడా ఉంది, ఇంత ఆలస్యానికి సంజాయిషీ ఇవ్వాలని.

నేను ఉపగారి బల్ల మీద గుద్దాను. "ఆ 'క్షేమం' అన్న మాట కొట్టేసి మార్చండి!"

"మారుస్తాం సార్, తప్పకుండా. పైలట్ క్షేమంగా లేడని పైలట్ సంతకం చేసిస్తే చాలు." ఆయన నిజంగానే బాధపడుతున్నాడు. ఆ ఫారం ఉచితమని కూడా చెప్పాడు.

బోల్టు తాతయ్య మా గడపలోనే కూలబడ్డాడు. "నా చేత్తో నేనే చెడగొట్టానమ్మా. చెయ్యి విరిగిపోయినా బాగుండేది."

అత్తయ్యకి కోపం వచ్చింది, కానీ ఆయన మీద కాదు. "ఊరుకోండి అన్నయ్యగారూ. ఆ ఒక్క మాట ఎవరైనా రాస్తారేమోనని వయసంతా ఎదురుచూశాను. మీరు రాశారు. రాళ్ళదేముంది, పోనివ్వండి," అంది. పోనివ్వండి అన్న మనిషి ఆ రోజు అన్నం ముట్టలేదు.

స్మారకం ఆవిష్కరణ ఘనంగా జరిగింది. విమానం స్తంభమెక్కి ఎండలో మెరిసిపోయింది. కొత్త రాతిపలక మీద అందరి పేర్లూ ఉన్నాయి, ఆయనది తప్ప. అయితే శాఖని తప్పుపట్టడానికి వీల్లేదు. క్షేమంగా తిరిగివచ్చిన ఏకైక పైలట్ కాబట్టి మామయ్యకి ఆహ్వానం పంపారు, ముందువరసలో పేరు అంటించి కుర్చీ వేశారు. దాని పక్కన అత్తయ్య కూర్చుంది. చోటు చాలక జనం నిలబడే ఉన్నారు. ఎవరో పెద్దాయన ఆ కుర్చీలో కూర్చోబోతే, "మా ఆయనదండీ," అంది ఆవిడ. ఆయన క్షమించమని పక్కకి తప్పుకున్నాడు.

ఉపన్యాసాలయ్యాక ఉపగారి గుమాస్తా హాజరు వేసుకుంటూ వచ్చాడు. కుర్చీ వంక చూశాడు, అత్తయ్య వంక చూశాడు, మర్యాదగా నమస్కారం పెట్టాడు. మామయ్య పేరు ఎదురుగా ఇలా రాసుకుని వెళ్ళిపోయాడు: 'గైర్హాజరు. కారణం తెలియజేయలేదు.'