ముగ్గురి సస్పెన్షన్

సోమవారం పొద్దున అరుంధతి వేసుకున్న పథకం చాలా చిన్నది. పెసరట్లు పోయాలి, హాస్టల్ వార్డెనైన తన భర్త కొండలరావు చేత మూడోది కూడా తినిపించాలి, సాయంత్రం ఇద్దరూ బస్సెక్కి కాచిగూడలో సినిమా చూడాలి. పెళ్ళయి రెండు నెలలే కాబట్టి ఇందులో ఏదీ ఆమెకు మామూలు విషయం కాదు. క్యాంపస్ క్వార్టరు పెరడూ, అందులో తిరిగే నాలుగు కోడిపెట్టలూ కూడా ఆమెకు అంతే కొత్త.

మిగిలిన అట్టుముక్కలు వేద్దామని పెరట్లోకి వెళ్ళిన అరుంధతి అక్కడే కూలబడింది. చామంతి అని తను పేరు పెట్టుకున్న పసుపు ఈకల పెట్ట వీపు మీద అరచేయంత మేర ఈకలే లేవు. తోలు నెత్తురు చెమ్మతో ఎర్రగా ఉంది. చూస్తుండగానే నల్లపెట్ట వచ్చి ఇంకో ఈక పీకి మింగేసింది.

"ఏమండీ! దీన్ని చంపేస్తున్నాయండీ!"

కోళ్ళను అమ్మిన తార్నాక లచ్చవ్వను పిలిపించారు. ఆమె చామంతి వీపుకు పసుపూ నూనే పట్టించి, "నెత్తురు కనవడ్డదంటే పొడుసుడు ఆపయమ్మా, పానం తీస్తయ్. నల్లదాన్ని వారం దినాలు నా ఇంట్ల గంప కింద పెడ్త. వాపసొచ్చేసరికి దాని పెత్తనం పోతది," అన్నది.

నల్లది వెళ్ళిన గంటకు ఎర్రపెట్ట మొదలుపెట్టింది. ఎర్రదాన్ని పంపితే మధ్యాహ్నానికి చుక్కలపెట్ట. మూడోసారి వచ్చిన లచ్చవ్వ, "కుర్సీ ఖాళీ అయింది కద బిడ్డా, ఇది కూసున్నది," అని దాన్నీ చంకన పెట్టుకుపోయింది. సినిమా సంగతి ఇద్దరూ మరిచారు.

గురువారానికి చామంతి పెరడంతా ఒంటరిగా తిరుగుతూ తిండి తింటోంది. అరుంధతి ప్రాణం కుదుటపడింది. "అవునూ, హాస్టల్లో అయితే ఊరికే పంపేస్తారా? ఆర్డరుండాలి కదా, వార్డెన్ గారూ!" అని నవ్వింది.

భార్య నవ్వు కోసం కొండలరావు ఏమైనా చేసే రోజులవి. ఆఫీసులో కూర్చుని, హాస్టల్ కాగితం మీద ముచ్చటగా రాశాడు: "తోటివారిని హింసించినందున ముగ్గురిని సస్పెండ్ చేయడమైనది." సంతకమూ చేశాడు. ఇంటికి తీసుకెళ్ళి చూపించాలనుకున్నవాడు, భోజనానికి వెళ్తూ బల్ల మీదే మరిచాడు. సంతకమున్న ప్రతి కాగితాన్నీ నోటీసు బోర్డుకు గుచ్చడం అటెండరు పేరయ్యకు ఇరవయ్యేళ్ళ అలవాటు.

నాలుగింటికి యాభైమంది విద్యార్థులు క్వార్టరు ముందు బైఠాయించారు. వాళ్ళ నాయకుడు రాజలింగు లేచి, "సస్పెండ్ చేసిన ముగ్గురి పేర్లు చెప్పాలె సార్!" అన్నాడు.

కోళ్ళ సంగతి వీళ్ళకెలా తెలిసిందా అని సిగ్గుపడ్డాడు కొండలరావు. "పేర్లు ఇంకా పెట్టలేదయ్యా."

"యాడున్నరు వాళ్ళు?"

"తార్నాకలో. గంప కింద."

గుంపంతా ఒక్కసారి లేచింది. "పోరగాండ్లను గంప కింద పెడ్తరా! తిండన్న పెడ్తున్నరా?"

"నూకలు వేస్తున్నారయ్యా!"

ఇంకో మాటకు కిటికీ అద్దాలు పోయేవే. అరుంధతి చామంతిని ఎత్తుకుని పరుగున వచ్చి, దాని వీపు చూపించి, నవ్వాపుకుంటూ అంతా చెప్పింది.

యాభైమందీ బట్టల దుమ్ము దులుపుకుని వెళ్ళబోయారు. కానీ క్లాసులు మానిపించి తెచ్చిన జనాన్ని ఉత్త చేతులతో పంపితే రాజలింగు నాయకత్వం ఏం కావాలి?

"కోళ్ళయితేంది సార్! విచారణ లేకుండ సస్పెండ్ చేసుడు అన్యాయమే. ఇయ్యాలనే వాపస్ తేవాలె."

"వద్దు బాబూ, వారమన్నా కాలేదు. దీని వీపింకా పచ్చిగానే ఉంది!" అని అరుంధతి బతిమాలింది. జిందాబాదుల్లో ఆ మాట ఎవరికీ వినబడలేదు. గంటలో ముగ్గురు బాధితులూ ఊరేగింపుగా, భుజాల మీద తిరిగొచ్చారు. వాళ్ళను పెరట్లో దింపుతుంటే అరుంధతి కళ్ళు మూసుకుంది.

నాలుగు రోజులు పెరడంతా ఏలిన చామంతికి ఈ కొత్తవాళ్ళు నచ్చలేదు. మెడ సాచి, ఎగిరి, నల్లదాని తోకలోంచి ముక్కునిండా ఈకలు పీకింది. ఎర్రది గోడెక్కింది. చుక్కలది రాజలింగు కాళ్ళ మధ్య దూరి వణికింది.

"ఒసేయ్ చామంతీ!" అని అరుంధతి సంబరంగా చప్పట్లు కొట్టింది. అంతమంది ముందూ కొండలరావు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"గిదేంది మేడం! అసలు రౌడీ గిదే కద!" అన్నాడు రాజలింగు, చుక్కలదాన్ని చొక్కాలో దాచుకుంటూ.

మర్నాడు పొద్దున వార్డెన్ గారి బల్ల మీద, చామంతిని వెంటనే సస్పెండ్ చేయాలని కోరుతూ యాభైమంది సంతకాలతో ఒక వినతిపత్రం ఉంది.