పొగ లేని ఇల్లు

ఆ ఉదయం నూకయ్య వేసుకున్న పథకం చిన్నదే. ఇల్లిల్లూ తిరిగి చూసే హెల్తు దీదీ వస్తుంది, గోబర్ గ్యాసు పొయ్యి మీద పెట్టిన టీ తాగుతుంది, గుమ్మానికి ‘పొగ లేని ఇల్లు’ అని బోర్డు ఇప్పిస్తుంది. వాళ్లుండే మలంచా పేటలో అలాంటి బోర్డు ఇంకెవరికీ లేదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లు బాగుచేసి రిటైరైన తనకు పొగ గురించి ఒకరు చెప్పాలా అని ఆయన ధీమా.

మనవరాలు బుల్లి మాత్రం కుర్చీలో ఉన్న ఆయన ఒళ్లో కూర్చుని ఖళ్లుఖళ్లున దగ్గుతోంది. బొగ్గుల పొయ్యి పారేసి, పెరట్లో గొయ్యి తవ్వించి, అక్కడే కట్టేసిన రెండు గేదెల పేడ పోయిస్తున్నా ఆ దగ్గు వదల్లేదు.

"మావయ్యా, ఈ దగ్గు తగ్గకపోతే పిల్లని బొబ్బిలి తీసుకుపోతాను. మాయమ్మ సూసుకుంటాది," అంది కోడలు.

బుల్లి లేకపోతే నూకయ్యకు పొద్దే పోదు. "గేసు పైపు కారతంది. దగ్గు అందుకే," అని తేల్చేశాడు, నోట్లో చుట్ట తీయకుండానే.

"ఏటి కారతాది? సబ్బునీళ్లేసి సూసినాను, బుడగొక్కటీ రాలేదు," అంది భార్య హైమవతి. పొయ్యి మీద నీలి మంట బుద్ధిగా వెలుగుతోంది.

అంతలో గుమ్మంలో దీదీ! నూకయ్య పిల్లను కోడలికిచ్చి, పొయ్యి పక్కన నిలబడి, తల్లి దగ్గర చిన్నప్పుడు చూసి నేర్చుకున్న అడ్డపొగ విద్య ప్రయోగించాడు. చుట్టను తిప్పి, నిప్పు వైపు నోట్లో దాచి పెదాలు బిగించాడు.

"దాదా, ఘర్ మే ధువా హై?" అంది దీదీ, ఇంట్లో పొగ ఉందా అని.

తల అడ్డంగా ఊపి ఊరుకుంటే సరిపోయేది. "నహీ దీదీ! పొగన్నదే లేదు!" అన్నాడు. మాటకింత చొప్పున పొగ బయటికొచ్చింది.

పక్కింటి ఎస్తేరమ్మకు కిటికీలోంచి పొయ్యీ, నూకయ్యా, పొగా కనిపించాయి. "ఓలమ్మో, గేసు అంటుకున్నాది! మనిషి కాలిపోతన్నాడు!" అంటూ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, దారిలో దొరికిన బకెట్టు ఆయన నెత్తిన కుమ్మరించింది. అది గోతిలో పోయడానికి కలిపి ఉంచిన పేడనీళ్లు.

చుయ్యిమంటూ చుట్ట దీదీ కాళ్ల ముందు పడింది. దీదీ చుట్టనూ నూకయ్యనూ చూసి, పిల్ల ఎప్పుడెప్పుడు దగ్గుతుందని హిందీలో అడిగింది.

"తాత ఎత్తుకున్నప్పుడే..." అంటూ కోడలు నాలుక కరుచుకుంది.

హైమవతి కరుచుకోలేదు. "పొయ్యి పారేసినాం గానీ, పొగగొట్టం కుర్సీలో కూకుండిపోనాది!" అంది.

కోడలు బొబ్బిలి వెళ్లలేదు, బుల్లి దగ్గు తగ్గింది, బోర్డూ వచ్చింది. నూకయ్య కుర్చీ మాత్రం పెరట్లోకి మారింది. స్నానం చేసి వస్తేనే మనవరాలిని ముట్టనిస్తారు.

ఈమధ్య గేదెలు దగ్గుతున్నాయి.