గరిటెతో టేకాఫ్

ఆ రోజుకు ఇల్లాలు వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే భర్త చేత ఒకసారి టేకాఫ్ చేయించాలి, ఒక ఇంజను తగలబెట్టాలి, ఆయనను క్షేమంగా కిందికి దించాలి, ఆ తర్వాత కూర పొయ్యి మీద పెట్టాలి. ఈ వరుస తప్పడానికి వీల్లేదు. ఎందుకంటే విమానానికీ కూరకీ కలిపి ఇంట్లో ఉన్నది ఒకటే పెద్ద గరిటె.

ఆమె భర్త విమానాల కంపెనీలో కో-పైలట్. ఈ మధ్య జనం ప్రయాణాలు మానుకోవడంతో కంపెనీ సగం విమానాలకు ముసుగులు తొడిగి, రన్‌వే అవతల వరసగా నిలబెట్టేసింది. విమానానికి ముసుగు తొడిగితే ఊరుకుంటుంది, పైలట్ ఊరుకోడు, జీతం అడుగుతాడు. అందుకని పైలట్లందరికీ సిమ్యులేటర్‌లో మళ్ళీ పరీక్ష పెడతామనీ, నెగ్గినవాళ్ళనే ఉంచుకుంటామనీ కంపెనీ ప్రకటించింది. సిమ్యులేటర్ అంటే అచ్చం విమానంలా ఊగుతూ, ఎక్కడికీ వెళ్ళని గది. ఆ గదిలో ఓడిపోయినవాడు నేరుగా ఇంటికే వెళతాడు, ఎందుకంటే కొత్తగా పైలట్లను తీసుకునే కంపెనీ కనుచూపు మేరలో లేదు. ఈయన వంతు మర్నాడే.

ఇలాంటప్పుడు పైలట్లు ఇంట్లో చేసే సాధన ఒకటుంది. కాక్‌పిట్ బొమ్మ అచ్చు వేసిన నిలువెత్తు కాగితాన్ని గోడకు అంటించి, దాని ముందు కుర్చీ వేసుకుని, లేని మీటలను ఉన్నట్టే లాగుతూ, తోస్తూ చేతులకు అలవాటు చేసుకుంటారు. ఇల్లాలికి ఉత్తుత్తి మీటలు నచ్చలేదు. ఖాళీ డబ్బాలో ఇసుక పోసి గరిటెను నిలబెట్టింది. విమానాన్ని తిప్పే పిడి అదే. స్టూలు మీద ఎడమ ఇంజనుకొకటి, కుడి ఇంజనుకొకటి రెండు అట్లకాడలు అమర్చింది. కాళ్ళ కింద రెండు పాత చెప్పులు పెడల్స్. ఎడమవైపు కెప్టెన్ కుర్చీలో తనే కూర్చుని, వేగం, ఎత్తు చదివి వినిపించేది. చదివీ చదివీ అంతా నోటికి వచ్చేసింది.

సంగతి తెలియనిది అత్తగారికి ఒక్కరికే. పెద్దకొడుకు ఇంటి నుంచి ఈ మధ్యే వచ్చిన మనిషి.

"అత్తయ్యకి చెప్పకండి. అసలే బీపీ," అని ఇల్లాలే సలహా ఇచ్చింది. "సెలవు పెట్టారని చెప్పాను. గోడ మీద కాగితం దేనికని అడిగితే, గోడకి చెమ్మ పట్టిందన్నాను."

తర్వాత జరిగిన అనర్థాలన్నిటికీ మూలం ఆ చెమ్మే.

ఆ ఉదయం అత్తగారు టీ గ్లాసుతో హాల్లోకి రాబోయి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. కొడుకు ఒంటరిగా గోడకు ఎదురుగా కూర్చుని, గరిటె పట్టుకుని, చెప్పులు తొక్కుతున్నాడు. నుదుటి మీద చెమట. చివరికి నిట్టూర్చి గోడతో మర్యాదగా అన్నాడు. "ప్రయాణికులకు మనవి. ఎవరూ కంగారు పడకండి. పరిస్థితి పూర్తిగా మా అదుపులోనే ఉంది."

ఆవిడ టీ గ్లాసుతో అలాగే వెనక్కి నడిచి, వెనక వసారాలో పక్కింటి పిన్నిగారిని పిలిచారు.

"అయ్యో వదినగారూ! ఉద్యోగం పోయుంటుంది, మీకు చెప్పుకోలేక దాచుంటారు," అన్నారు పిన్నిగారు, విషయం సగం వినగానే. "ఇలాంటివి నేనెరుగుదును. మా తమ్ముడి మేనేజరుకి ఉద్యోగం పోయాక, పిల్లలు అన్నానికి ఆలస్యంగా వస్తే సంజాయిషీ అడిగేవాడు. పెళ్ళాం పుట్టింటికి వెళ్తానంటే సెలవు మంజూరు చెయ్యలేదు."

"మరిప్పుడేం చెయ్యాలమ్మా?"

"ఎదురు చెప్పకూడదు. ఆయన విమానమంటే మనమూ విమానమే అనాలి. వెనకాల కూర్చోవాలి."

ఇల్లాలు వంటింట్లో కూరగాయలు తరిగి హాల్లోకి వచ్చేసరికి అత్తగారు కొడుకు వెనక కుర్చీ వేసుకుని, నడుముకు తువాలు బిగించి కూర్చుని ఉన్నారు.

"కన్నా, కిటికీ పక్క సీటు ఇదేనా?" అన్నారావిడ, గొంతు తడబడకుండా జాగ్రత్తపడుతూ. "నీకెలా నడపాలనిపిస్తే అలా నడుపు నాన్నా. ఎవరేమనుకున్నా నీ వెనక నేనున్నాను."

పైలట్ కళ్ళు తుడుచుకున్నాడు. భార్య వైపు వంగి, "అమ్మకి పరీక్ష సంగతి తెలిసిపోయినట్టుందే," అన్నాడు.

"తెలిస్తే తెలిసింది. ఎంత ధైర్యంగా ఉన్నారో చూడండి. అనవసరంగా దాచాం," అని ఇల్లాలు కూడా కళ్ళు తుడుచుకుంది. ఆ ఇంట్లో ముగ్గురూ ఒకరి కోసం ఒకరు అంతగా కరిగిపోవడం అదే మొదటిసారి. ఎవరు దేనికి కరుగుతున్నారో మాత్రం ఎవరికీ తెలియదు.

పక్కింటి పిన్నిగారు చేతిసంచీ తీసుకుని మరీ వచ్చారు. "నాకు కళ్ళు తిరుగుతాయి, ముందు వరసలో కూర్చుంటాను," అని అత్తగారి పక్కన సర్దుకున్నారు. వచ్చే ముందు ఆవిడ ఇంకో ఉపకారం కూడా చేశారు. ఇల్లాలి అన్నయ్యకు ఫోన్ చేశారు. ఆయనది పరుపుల షోరూం. పిన్నిగారింట్లో మంచాలన్నిటి మీదా ఆయన పరుపులే.

అన్నయ్య వచ్చేసరికి విమానం రన్‌వే మీద పరుగెడుతోంది.

"వేగం సరిపోయింది. లేపండి," అంది ఇల్లాలు.

పైలట్ గరిటెను మెల్లగా వెనక్కి లాగాడు. వెనక ఇద్దరు ప్రయాణికులూ భక్తిగా వెనక్కి వాలారు.

"చక్రాలు పైకి," అన్నాడతను.

"పైకి." అంటూనే ఇల్లాలు పళ్ళెం మీద చెంచాతో టంగుమని కొట్టింది. కుడి ఇంజను అంటుకుని ఆగిపోయిందని దానర్థం. ఈ ఘట్టానికి ఒక నియమం ఉంది. నాలుగు వందల అడుగుల ఎత్తు చేరేదాకా ఏ మీటనూ ముట్టుకోకూడదు, విమానాన్ని తిన్నగా ఉంచడమే పని. ఆ తర్వాత ఏ ఇంజను చెడిందో ఇద్దరూ చెప్పుకుని, సరిచూసుకుని, దాని మీటను మాత్రమే వెనక్కి లాగాలి. కంగారులో మంచి ఇంజనును ఆపేస్తే, ఇక విమానాన్ని మోసేది ఏదీ ఉండదు.

"వంద," అంది ఇల్లాలు.

అన్నయ్య ఆమె కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని గుసగుసలాడాడు. "అమ్మలూ, నువ్వేం బెంగ పెట్టుకోకు. బావకి మా షోరూంలో మేనేజరు ఉద్యోగం ఉంది."

"రెండు వందలు. ఉద్యోగమేమిటన్నయ్యా?"

"కింద పడ్డా దెబ్బ తగలని వ్యాపారం ఇదొక్కటే కదే. ఉద్యోగం పోయి మతి చలించిన మనిషి, కొన్నాళ్ళు మెత్తగా ఉండే చోట ఉంటే మంచిది."

ఇల్లాలు ఒక్కసారి వెనక్కి చూసింది. అత్తగారి తువాలు, పిన్నిగారి చేతిసంచీ, ఆ ఇద్దరి మొహాల్లో జాలి, అన్నీ ఇప్పుడు కొత్తగా అర్థమయ్యాయి.

"ఎత్తు ఎంత?" అన్నాడు పైలట్, గోడ మీద నుంచి చూపు తిప్పకుండా.

"రెండు... రెండు వందల యాభై."

"అయినా ముందు వాళ్ళనే అడిగి చూద్దామని మీ కంపెనీకి ఫోన్ చేశాను," అన్నాడు అన్నయ్య. "మా బావ హాల్లో కూర్చుని గరిటెతో విమానం నడుపుతున్నాడు, చూడలేకపోతున్నాం, దయచేసి ఏదైనా చిన్న విమానమైనా ఇప్పించండని బతిమాలాను. పాపం వెంటనే స్పందించారు. మనిషిని పంపుతామన్నారు."

"మూడు వం... ఏం చేశావన్నయ్యా!"

"మూడు వందలేనా? ఇంకా ఎక్కడం లేదేమిటి?" అన్నాడు పైలట్.

పరీక్షలో ఓడితే పోయేది ఈ కంపెనీలో ఉద్యోగం. మతి సరిగ్గా లేదని ఎవరైనా రాశారంటే మరి ఏ కంపెనీలోనూ ఏ విమానమూ ఎక్కనివ్వరు. ఇల్లాలు చేతిలోని చెంచా కింద పెట్టింది. ఆపుదామని నోరు తెరిచేలోగా తలుపు గంట మోగింది.

తీసింది అత్తగారు. గుమ్మంలో యూనిఫాం వేసుకున్న పొడుగాటి మనిషి. భుజాల మీద నాలుగు బంగారు చారలు, మొహం మీద నవ్వన్నది లేదు. భర్త ఎన్నిసార్లు వర్ణించి చెప్పాడో, ఇల్లాలు చూడగానే గుర్తుపట్టింది. రేపు పరీక్ష పెట్టబోయే అధికారి. పైలట్లు చాటుగా కత్తెర అని పిలుచుకునే కెప్టెన్.

"నేను కంపెనీ నుంచి..." అని మొదలుపెట్టాడాయన.

"ష్!" అన్నారు అత్తగారు. "మావాడింకా గాల్లోనే ఉన్నాడు బాబూ. మధ్యలో పలకరించకూడదు. ఆ వెనక సీట్లో కూర్చోండి. ఇదిగో, బెల్టు."

కత్తెర తువాలు వంకా, ఆవిడ వంకా చూశాడు. కూర్చుని, నడుముకు తువాలు కట్టుకున్నాడు.

"నాలుగు వందలు," అంది ఇల్లాలు.

సరిగ్గా అప్పుడే గోడ గడియారం అద్దంలో పైలట్‌కు నాలుగు చారలు కనిపించాయి. అతని చెయ్యి కంగారుగా అట్లకాడల వైపు వెళ్ళి, ఎడమదాన్ని పట్టుకుంది.

"ఆగండి," అంది ఇల్లాలు. పాలు పొంగుతున్నాయని చెప్పేటంత మామూలుగా అంది. "కుడి."

చెయ్యి ఆగింది. పైలట్ ఊపిరి పీల్చుకున్నాడు. "కుడి ఇంజను. సరిచూడండి."

"కుడి ఇంజనే. సరి."

కుడి అట్లకాడ వెనక్కి వచ్చింది. ఆ తర్వాత అతను వెనక్కి చూడలేదు. ఒక్క ఇంజనుతో చుట్టు తిరిగి వచ్చి, గరిటె కూడా కదలనంత మెత్తగా విమానాన్ని దించాడు. పిన్నిగారు చప్పట్లు కొట్టారు. అప్పుడు ఇల్లాలు లేచి, పరీక్ష సంగతీ, చెమ్మ సంగతీ, ఎవరు ఎవరికి ఏం చెప్పారో అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

"అయితే నీకు ఉద్యోగం ఉందా?" అన్నారు అత్తగారు కొడుకుతో, కాస్త నిరాశగానే.

"ఇప్పటిదాకా ఉందమ్మా," అన్నాడతను, కత్తెర వైపు చూస్తూ.

కత్తెర నడుముకున్న తువాలు విప్పి మడతపెట్టాడు. "మీకు మతి ఉందో లేదో చూసి రమ్మన్నారు. మన కంపెనీలో ఈ వారం ప్రతి పైలట్ ఇంట్లోనూ గోడకి ఈ కాగితమే ఉంది. ప్రయాణికులున్నది మాత్రం మీ ఇంట్లోనే. నిజం విమానాల్లోనే ఈ మధ్య ఇంతమంది ఎక్కడం లేదు." అని, తువాలు కుర్చీ మీద పెట్టాడు. "మతి సంగతి ఏం లేదని చెప్తాను. అయితే... పరీక్షలు పెట్టే వాళ్ళక్కూడా పరీక్ష పెడుతున్నారు. రేపు మీ పక్కన ఎడమ సీట్లో నేనే. వెనక కూర్చుని తప్పులు పట్టడమే గానీ, నేను స్వయంగా నడిపి చాలా కాలమైంది." ఇల్లాలి వైపు తిరిగాడు. "అమ్మా, ఆ కుర్చీ కాసేపు ఇస్తారా?"

ఇల్లాలు లేచింది. ఆయన కూర్చుని అట్లకాడలు తడిమి చూసుకున్నాడు. అత్తగారు పిన్నిగారి చెవిలో, "పాపం, ఈయన ఉద్యోగం కూడా పోయినట్టుంది," అని, తువాలు మళ్ళీ బిగించుకున్నారు. కూర ఆ రోజు సాయంత్రానికి గానీ ఉడకలేదు.

మర్నాడు సిమ్యులేటర్‌లో నిజంగానే కుడి ఇంజను ఆగింది. నాలుగు వందల అడుగులు దాటగానే కత్తెర చెయ్యి ఎడమ మీట మీద పడింది.

"ఆగండి," అన్నాడు పైలట్, పాలు పొంగుతున్నాయని చెప్పేటంత మామూలుగా. "కుడి."

ఇద్దరూ నెగ్గారు. ఆ సాయంత్రం కత్తెర కృతజ్ఞతలు చెప్పడానికి ఇంటికి వచ్చేసరికి అన్నయ్య కూడా అక్కడే ఉన్నాడు. అంతా విని అత్తగారు గరిటెను ఇసుకలోంచి పీకి, కడిగి కోడలి చేతికిచ్చారు. వెళ్ళబోయే ముందు కత్తెర గుమ్మం దగ్గర తచ్చాడి, ఎవరూ చూడకుండా అన్నయ్యను పక్కకు పిలిచి, ఆ మేనేజరు ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉందా అని అడిగాడు.

ఉందన్నాడు అన్నయ్య, ఆయన చేతిలో తన విజిటింగ్ కార్డు పెడుతూ. ఆ ఏడాది మొత్తం మీద పైలట్లను తీసుకుంటామన్న సంస్థ ఆ పరుపుల షోరూం ఒక్కటే.