మునివెంకటప్ప మెత్తబోల్టు విజయం

ఆగండి! చేతిలో పని కాసేపు పక్కన పెట్టి, చెవులిటు తిప్పి వినండి! స్వర్ణగర్భయైన కోలారు వసుంధర ఇచ్చిందంతా ఇచ్చి అలసిపోయి, గనుల సైరన్ శాశ్వత మౌనవ్రతం పట్టి, బంగారం తీయగా మిగిలిన సైనైడ్ మట్టిదిబ్బలు మాత్రమే ధవళగిరుల్లా నిలబడి గాలికి దుమ్మెత్తిపోస్తున్న కాలంలో, బూదికోట కోటగోడకు కూతవేటు దూరంలో, మునివెంకటప్ప పశువులపాకలో జరిగిన మహాసంగ్రామమిది!

ఎవరీ మునివెంకటప్ప? గని వర్క్‌షాపులో ఆయుష్షంతా అరగదీసిన స్పానరుధారి. గని మూతపడిన నాడు బోల్టులతో నిండిన పాలడబ్బాను ఇంటికి తెచ్చుకున్న ధీరోదాత్తుడు. ఎట్లా తెచ్చుకున్నాడని అడక్కండి. వీరగాథల్లో ఆయుధాలు వరప్రసాదంగా లభిస్తాయి గానీ గేటుపాసుతో రావు! గని మూతపడినా ఆయన గర్వం మూతపడలేదు. ఊళ్లో తలుపు ఊడినా, మంచం కుంటినా ఆయన నోట ఒకటే మంత్రం: "మైన్స్ బోల్టు వేయప్పా!"

ఆయన ధర్మపత్ని చిన్నవెంకటమ్మ. ఆవులకు గడ్డి తరిగీ తరిగీ ఆమె కుడి మణికట్టు వాచిపోయింది. ఇక కొడవలి పట్టొద్దని డాక్టరు హెచ్చరించాకే, గడ్డి తరిగే మిషన్ ఒకటి మోటారు సమేతంగా ఆ పాకలో పట్టాభిషిక్తమైంది. దానికి దంతపంక్తివిరాజితమైన గేర్లు రెండు. పెద్ద గేరును ఇరుసుకు పట్టి ఉంచేది మాత్రం ఒక్కటే బోల్టు. చిటికెనవేలంత, మెత్తని ఇనుముది. గడ్డిలో రాయి వచ్చినప్పుడల్లా అది టక్కున విరిగేది.

ఆ రోజు మళ్లీ విరిగింది. వీరుడి కనుబొమలు ధనుస్సులయ్యాయి.

"థూ! ఇదీ ఒక బోల్టా? అండర్‌గ్రౌండులో కొండంత పంపును పట్టి నిలబెట్టిన బోల్టు నా డబ్బాలో ఉండాది. లోకం విరిగినా అది విరగదే! ఇంగ చూడు!"

"లోకం సంగతి తర్వాత చూద్దాములేయ్యా. ఆవు అరస్తా ఉండాది, ముందు గడ్డి సంగతి చూడు," అంది చిన్నవెంకటమ్మ.

గని బోల్టు మరలు అంగుళాల లెక్కవి, మిషన్ నట్టు మరలు మిల్లీమీటర్ల లెక్కవి. నట్టు రెండు చుట్లు ఎక్కి మొరాయించింది. తెలివైనవాడు అక్కడ ఆగుతాడు. మన వీరుడు సుత్తి అందుకున్నాడు! నట్టు పగిలింది. డబ్బాలోంచి గని నట్టునే తీసి బిగించి, పనిలోపనిగా రెండు గేర్లనూ పళ్ల మధ్య చీమ కూడా దూరనంత దగ్గరగా జరిపి, దిగ్విజయ యాత్రకు బయల్దేరిన చక్రవర్తిలా స్విచ్చి వేశాడు.

గడ్డిమోపు గర్భంలో మాటు వేసిన కంచెతీగ ముక్క అప్పుడే దూకింది. మోటారు రంకె వేసింది, పాక కంపించింది, కోళ్లు దిక్కులు పట్టి పరుగెత్తాయి. బోల్టు విరగలేదు! దానికి బదులు పోతఇనుప గేరు పళ్లు, తెగిన హారంలోని ముత్యాల్లా, జలజలా పేడలో రాలాయి.

"విరగలేదు, చూస్తివా!" అన్నాడు మునివెంకటప్ప అలవాటుకొద్దీ.

చిన్నవెంకటమ్మ వాచిన చేత్తోనే చూరులోంచి కొడవలి తీసింది.

ఏ శత్రువూ వేయలేని దెబ్బ అది! మర్నాడు పొద్దున్నే బోసినోటి గేరును తువ్వాలులో చుట్టుకుని రాబర్ట్‌సన్‌పేట లేతు షెడ్డుకు చేరాడు. షెడ్డు అధిపతి ఓబలప్ప వాగ్ధాటిలో ఘనుడు, ఏం చెప్పినా బజారంతా వినాల్సిందే.

"యాడప్పా యుద్ధం? గేరు పళ్లన్నీ రాల్చినావు, నీవి మాత్రం అట్లనే ఉండాయి!"

"గట్టి బోల్టు వేస్తినప్పా..."

"అదే తప్పు! ఆ బోల్టు పెట్టిందే విరిగేదానికి! రాయి పడితే అది చచ్చి గేరును బతికిస్తాది. నువ్వు చావనిదాన్ని పెట్టినావు, ఇంగ గేరు చచ్చింది. గట్టిది కావల్లంటే మిషన్ కాళ్లకు వేయి, అదరకుండా నిలబడతాది. ఇంగొకటి, గేర్లను మరీ అతికించొద్దు. పళ్ల నడుమ పేపరు ముక్క పెట్టి బిగించు, తర్వాత పేపరు తీసెయ్. ఆ సందు లేకపోతే ఒకదాన్నొకటి కొరుక్కొని అరిగిపోతాయి."

"అయితే మైన్స్ బోల్టుకు మర్యాదే లేదా?"

"సుమ్మా ఊరుకోప్పా! మైన్సే మూసేసినారు, ఇంగ బోల్టుకేం మర్యాద!"

ఆ వాగ్బాణం ఎముకలో దిగింది. ఓబలప్ప పాత సామాన్లలో సరిపోయే గేరు వెదికి ఇచ్చి, మెత్తబోల్టు ఒకటి చేతిలో పెట్టి, "ఇంగో నాలుగు తీసుకోప్పా," అన్నాడు. "ఒకటి చాలు," అన్నాడు మన వీరుడు. అంత ఓటమిలోనూ గర్వానికి కాస్త చోటు మిగలాలి కదా!

సాయంత్రం పేపరు ముక్క పెట్టి గేర్లు బిగించాడు, ముక్క తీశాడు, మెత్తబోల్టు తొడిగాడు, స్విచ్చి వేశాడు. గడ్డి పుష్పవృష్టిలా కురిసింది. చిన్నవెంకటమ్మ మొహం కాస్త విచ్చుకుంది. అంతలో గడ్డిలోంచి రాయి!

టక్!

దంపతులిద్దరూ స్విచ్చి ఆపి, వంగి, గేరు పళ్లన్నీ తడిమి చూశారు. ఒక్కటీ రాలలేదు!

"విరిగిందే! బోల్టు విరిగిందే!" అని గంతులేశాడు మునివెంకటప్ప, నిన్నటిదాకా ఆ మాటకే నిప్పులు కక్కినవాడు. కాబట్టి ఓ సమస్త భూమండలమా, విను! చిటికెనవేలంత బోల్టు వీరమరణం పొందింది, గేరు బతికింది, బూదికోట గెలిచింది!

కానీ మోపులో సగం గడ్డి అట్లాగే ఉంది. మెత్తబోల్టు ఇంకొకటి లేదు. పేటకు ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఆవు అరుస్తోంది. అటకమీద పాలడబ్బాలో గని బోల్టులు నిగనిగలాడుతున్నాయి, చూరులో కొడవలి వేలాడుతోంది.

"డబ్బా పక్క యాల చూస్తా ఉండావు?" అంది చిన్నవెంకటమ్మ, వాచిన చేతిని కొంగులో దాచుకుంటూ. "నీ చెయ్యి బాగానే ఉండాది కదా?"

మునివెంకటప్ప చెయ్యి గాల్లోకి లేచి, డబ్బాకూ కొడవలికీ మధ్య ఆగిపోయింది. మీరైతే దేన్ని అందుకుంటారు?